నచ్చిన పుస్తకం లాక్కోకండమ్మా!

"మావాడు చదువుతాడక్కా, కానీ ఎప్పుడూ ఆ రాక్షసుల కథలే. ఇంకేదైనా ఇస్తే ముట్టుకోడు!" ఈమధ్య ఏ తల్లిని కదిలించినా ఇదే దిగులు. ముందు ఆ టీ చల్లారకుండా తాగండి. పిల్లాడి చేతిలో పుస్తకమంటూ ఉందా? సగం బెంగ అక్కడే తీరిపోయింది. మిగతా సగం సంగతి మనం చూసుకుందాం.

మనమేం చేస్తామంటే, వాడికి నచ్చింది లాక్కుని మనకు మంచిదనిపించింది చేతిలో పెడతాం. మనకే అలా చేస్తే ఒళ్లు మండదూ? నచ్చినదాన్ని ఉండనిచ్చి, దానికి చుట్టమయ్యేదాన్ని పక్కన చేర్చాలి. రాక్షసులంటే ఇష్టమా? రాహువు చంద్రుణ్ణి మింగే కథ చెప్పండి. "నిజంగా మింగుతాడా?" అని అడగకుండా ఉంటాడా! అప్పుడు మహీధర నళినీమోహన్ గారి 'గ్రహణాల కథ' అందించండి. సైన్సు చదువుతున్నామని వాడికి గుర్తు కూడా రాదు.

మా పక్కింట్లో తొమ్మిదో తరగతి బాబు ఉన్నాడు. పేపర్లో ఆటల పేజీ తప్ప ఇంకోటి చూడడు. వాడి పాత క్రికెట్ బంతి తీసుకుని, "ఒకవైపు ఇంత గరుకుగా ఉంది, రెండోవైపే ఎందుకురా ప్యాంటుకు రుద్ది నునుపు చేస్తారు?" అన్నాను. "స్వింగ్ అవడానికి ఆంటీ" అన్నాడు ఠక్కున. "గరుకైతే గాలి ఏం చేస్తుంది, నునుపైతే ఏం చేస్తుంది?" అంటే నోరు మెదపలేదు. కుట్టును వేలితో తడుముతూ కాసేపు కూర్చున్నాడు. మర్నాడు వాడే లైబ్రరీలో ఫిజిక్స్ పుస్తకం వెతుక్కున్నాడు.

ఇంగ్లీషు మీడియం పిల్లలు, తెలుగు కూడబలుక్కుని చదువుతారని బాధా? కంటికి కష్టమైంది చెవికి తేలికే. ముళ్లపూడి వెంకటరమణ గారి 'బుడుగు' రాత్రిపూట రెండు పేజీలు మీరే పైకి చదవండి. మధ్యమధ్య బాపు గారి బొమ్మలు చూపించండి. మంచి పట్టులో ఉండగా "కుక్కర్ పెట్టొస్తా" అని లేచిపోండి, పుస్తకం మాత్రం మంచం మీదే వదిలేయండి!

బడంటే మొహం మాడ్చుకునే పిల్లకు 'రైలుబడి' ఇవ్వండి. జపాన్‌లో పాత రైలు పెట్టెల్లో నడిచిన బడిలో టెట్సుకో కురొయనాగి తన చిన్నతనం ఎలా గడిచిందో చెప్పుకున్న పుస్తకం అది. కాస్త పెద్దవాళ్లకైతే మొక్కపాటి వారి 'బారిస్టర్ పార్వతీశం'. మొగల్తూరు నుంచి ఇంగ్లండు దాకా నవ్వుకుంటూ వెళ్లొస్తారు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా: పుస్తకం మూయగానే "నీతి ఏమిటి?" అని అడక్కండి. అది పరీక్షైపోతుంది. "ఎవరు నచ్చారు?" అంటే చాలు, వాళ్లే వాగుతారు.

అన్నీ కొనాలంటే మన పర్సు తట్టుకోదు కదా! దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో పిల్లల పేరుతోనే సభ్యత్వం ఇప్పించండి. వాడు ఎంచుకున్నదొకటి, మీరు ఎంచినదొకటి తెచ్చుకోండి. మీది పది పేజీలు చదివి నచ్చలేదంటే వదిలేయనివ్వండి, అలగొద్దు. సెలవు ఏ రోజో మాత్రం ముందే కనుక్కుని వెళ్లండి. మొదటిసారే తాళం కనబడితే, మళ్లీ రమ్మంటే రారు వాళ్లు!