ఆటబొమ్మయు సుంకపు పట్టికయు

చల్లపల్లి బజారులో నొక యంగడియందు మూడు వస్తువులు ప్రక్కప్రక్కన నున్నవని యనుకొందము. మొదటిది, మీట నొక్కినంతనే మాటలాడు బొమ్మ. రెండవది, టెలివిజనుకు తగిలించి యాడుకొను వీడియో ఆటపెట్టె. మూడవది, నాలుగు రెక్కలతో గాలిలోని కెగురు చిన్న యంత్రము. మూడింటిలోను పనిచేయునది విద్యుత్తే. మూడును పరదేశమునుండి ఓడలో వచ్చినవే. బాలుని కంటికి మూడును ఆటవస్తువులే. కాని రేవునందలి కస్టమ్సు అధికారికి అవి మూడు వేర్వేరు సరకులు కావచ్చును. సరకునకు పేరు నెట్లు నిర్ణయింతురో, ఆ పేరువలన నేమి కలుగునో విద్యార్థులకు దెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన దేశమున దిగుమతి సుంకములు 1975వ సంవత్సరపు కస్టమ్సు టారిఫ్ చట్టమునుబట్టి విధింపబడును. అందలి పట్టిక, బ్రస్సెల్సు నగరమందున్న ప్రపంచ కస్టమ్సు సంస్థవారి వర్గీకరణ ననుసరించినది. ఆ వర్గీకరణ 1988 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చెను. అందు సకల వస్తువులును 21 భాగములుగా విభజింపబడినవి. ప్రతి సరకునకును ఆరంకెల సంఖ్య గలదు. మనవారు మరి రెండంకెలు చేర్చి ఎనిమిది చేసిరి. మొదటి రెండంకెలు అధ్యాయమును, తరువాతి రెండును శీర్షికను దెలుపును. 85వ అధ్యాయము విద్యుత్పరికరములది, 88వది విమానములది, 95వది ఆటవస్తువులది.

ఇక మన మూడు వస్తువులను పరీక్షింతము. వర్గీకరణకు ఆరు సూత్రములు గలవు. శీర్షికలోని మాటలను, భాగములకును అధ్యాయములకును చేర్చిన వివరణలను ముందుగా చూడవలెననుట మొదటి సూత్రము. మాటలాడు బొమ్మలో బ్యాటరీయు చిప్పును ఉన్నవి గదా, అది విద్యుత్పరికరము కాదా యని యడుగవచ్చును. 95వ అధ్యాయపు వస్తువులు తమలో చేరవని విద్యుత్పరికరముల భాగపు వివరణయే చెప్పుచున్నది. కావున ఆ బొమ్మ 9503 అను బొమ్మల శీర్షికకే చెందును. ఇరుసునకు కందెన పూసినంతమాత్రమున బండిని నూనె సరకని యెవరందురు? వీడియో ఆటపెట్టె పేరు 9504 అను శీర్షికలో స్పష్టముగా నున్నది గనుక అది యచ్చటికి పోవును.

ఒక వస్తువు రెండు శీర్షికలకు తగునట్లు తోచినచో, సామాన్యముగా చెప్పినదానికంటె ప్రత్యేకముగా చెప్పిన శీర్షికయే మేలు. పలు వస్తువులు కలిసినదైనచో, దాని ముఖ్యస్వభావము నిచ్చు భాగమును చూడవలెను. అప్పటికిని తేలనిచో సంఖ్యాక్రమమున కడపటి శీర్షికను గ్రహింపవలెను.

మూడవ వస్తువు మిక్కిలి చిక్కైనది. నడుపువాడు లేక యెగురు విమానములకు 2022 జనవరి 1వ తేదీనుండి 8806 అను క్రొత్త శీర్షిక యేర్పడినది. వరిచేలపై మందు చల్లు డ్రోను ఆ జాతిదే. కాని కేవలము వినోదమునకై చేయబడిన యెగిరెడి బొమ్మలు ఇందు చేరవనియు, అవి 9503లోనివే యనియు 88వ అధ్యాయపు వివరణ చెప్పుచున్నది. అదే సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన మన ప్రభుత్వము పరిశోధన, దేశరక్షణ, భద్రత యను పనులకు దప్ప విదేశీ డ్రోనుల దిగుమతిని నిషేధించెను. కనుక రెక్కలు లెక్కించిన చాలదు. అది యే పనికై రూపొందింపబడినదో విచారింపవలెను.

ఈ విచారణయందు ధనము ఇమిడియున్నది. బొమ్మలపై మూలసుంకము 2020లో నూటికి 20 నుండి 60కిని, 2023లో 70కిని పెరిగెను. వేయి రూపాయల బొమ్మపై మొదట 200 రూపాయలుగా నున్న సుంకము 600 ఆయెను, పిమ్మట 700 ఆయెను. ఇతర పన్నులు వేరు. ఇంత భారము తప్పించుకొనుటకు బొమ్మను మరియొక పేరున వ్రాయించుటకు కొందరికి ఆశ కలుగుట సహజము.

కాని ఆ తప్పుపేరువలన నష్టపోవునది బొక్కసము మాత్రమే కాదు. 2021 జనవరి 1వ తేదీనుండి బొమ్మలకు భారతీయ ప్రమాణముల సంస్థవారి ముద్ర విధిగా నుండవలెను. విద్యుత్తుతో నాడు బొమ్మలకు ఐఎస్ 15644 అను ప్రమాణము గలదు. బొత్తాము వంటి చిన్న బ్యాటరీని పసివాడు మ్రింగినచో అది గొంతులో చిక్కుకొని, రెండు గంటలలోనే అన్ననాళమును కాల్చివేయగలదు. బొమ్మను అలంకారదీపమని వ్రాయించి తెచ్చినవాడు సుంకముతోపాటు ఆ పరీక్షనుగూడ తప్పించుకొనజూచుచున్నాడు. రాజ్యమునకు రావలసిన రూకయు, శిశువునకు ఉండవలసిన రక్షయు ఒక్క కలపుపోటుతోనే పోవును.

పేరునుబట్టి వస్తువు భాగ్యము మారుట మన తీరమునకు క్రొత్తగాదు. 1611లో ఇంగ్లీషు కంపెనీవారు బందరునందు వర్తకశాల స్థాపించిరి. ఈ తీరపు అద్దకపు వస్త్రములు ఇంగ్లండులో మిక్కిలి వాడుకలోనికి వచ్చెను. అక్కడి నేతగాండ్రు మొరపెట్టగా, రంగులద్దిన తూర్పుదేశపు నూలు వస్త్రములను ఆ దేశమున ధరింపరాదని 1700లో పార్లమెంటు శాసించెను. తెల్లగుడ్డను మాత్రము సుంకముతో రానిచ్చెను. నూలు అదే, నేత అదే, అద్దకమే భేదము. ఆ తెల్లగుడ్డపై లండనువారే రంగులద్దసాగిరి. 1721లో మరియొక శాసనము ఆ వాడుకను సైతము అణచివేసెను. పట్టికలోని యొక మాట సముద్రమున కావల వ్రాయబడి, ఈవలనున్న అద్దకపువాని అంగడిని మూయగలదని విద్యార్థులు గ్రహింతురు గాక.

మన కొండపల్లి బొమ్మకు బ్యాటరీ లేదు. పొణికి కఱ్ఱయే దానికి ప్రాణము. అట్టి చేతిపనివారి బొమ్మలకు ముద్ర నియమమునుండి 2020 డిసెంబరులో మినహాయింపు లభించెను. చేతిపనివాడు, యంత్రశాల ఒకటి కావని యెరిగి చేసిన భేదమిది. వర్గీకరణము న్యాయముగా సాగినచో బలహీనుని గూడ కాపాడగలదు.

కావున తలిదండ్రులు బొమ్మ కొనునపుడు ధరతోపాటు ముద్రను, బ్యాటరీ మూతకు మర బిగించియున్నదో లేదో చూడవలెను. విద్యార్థులు దేనికైనను పేరు పెట్టుటకు ముందు, ఇది నిజముగా నేమి, దేనికై చేయబడినది అని ప్రశ్నించుట నేర్వవలెను. నేటి విద్యార్థులలో నొకరు రేపు రేవులోని బల్లయొద్ద కూర్చుండవచ్చును. ఆనాడు వారి కలము వ్రాయు ఎనిమిదంకెల వెనుక నొక పసివాడున్నాడని మరువకుందురు గాక.