సున్నపు గోడకు సిమెంటా?

ప్రశ్న: కోనసీమలో తాతగారి నాటి మండువా ఇల్లుంది. బయటి గోడల సున్నపు పూత పెచ్చులూడుతోంది. మొత్తం గీకేసి సిమెంటు పూత వేయిస్తే మన్నుతుందని మేస్త్రీ అంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: వద్దండీ. పాత ఇటుక గోడ నేలలోని చెమ్మను పీల్చి, సున్నపు పూత గుండా బయటికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కిన చెమ్మతో, ఉప్పుతో ఇటుక గుల్లబారుతుంది. కొన్నేళ్లకు పూత ఇటుక పొరనూ పట్టుకుని పలకలుగా ఊడిపడుతుంది. అప్పుడు బాగుచేయడం ఎవరి తరమూ కాదు.

ముందు చూరు చూడండి. పగిలిన పెంకుల నుంచి గోడ మీదికి కారే నీరే చాలా ఇళ్లలో అసలు రోగం. అది ఆగాకే పూత సంగతి. గోడంతా వేళ్లతో తట్టండి. డొల్ల మోత వచ్చిన చోటే చెక్కించండి, గట్టిగా ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. బాగా నానిన సున్నం ఒక పాలు, మెత్తని ఇటుక పొడి ఒక పాలు, జల్లించిన ఏటి ఇసుక రెండు పాళ్లు కలపాలి. సముద్రపు ఇసుక కలిస్తే ఉప్పు పూస్తుంది. గోడ తడిపి, పలుచటి పొరలుగా వేయించి, తడి గోనెపట్టాలు కప్పి నెమ్మదిగా ఆరనివ్వండి. పైన ప్లాస్టిక్ రంగులొద్దు, వెల్ల చాలు.

కరక్కాయ, బెల్లం నీళ్లతో సున్నం కలపడం తెలిసిన ముసలి మేస్త్రీ దొరికితే మాత్రం కూలి దగ్గర బేరమాడకండి.