చంచల స్వభావం – మెదడులోని రసాయనాలు

తరగతిలో ఒక్కచోట కూర్చోలేని బాలుణ్ణి తెలుగువారు ఆకతాయి అంటారు. ఉర్దూ మాట్లాడేవారు షరారతీ అంటారు. పేరు ఏదైనా తీర్పు ఒక్కటే: తప్పు వానిది, దానికి మందు బెత్తం. మాలో పలువురు రేపు బి.ఎడ్. చదివి ఉపాధ్యాయులు కాబోతున్నారు. కావున ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో శాస్త్రదృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అల్లరి అంతా రోగం కాదు. పన్నెండేళ్ల లోపే మొదలై, కనీసం ఆరు నెలలపాటు, ఇంటిలోను బడిలోను కూడ ఏకాగ్రత లేకపోవడం, నిలకడ లేకపోవడం, తొందరపాటు కనిపించి, చదువుకు, నడవడికి ఆటంకం కలిగినప్పుడే వైద్యులు దానిని ఏకాగ్రతాలోప అతిచంచలత్వ రుగ్మత అంటారు. ఆంగ్లంలో దాని పొట్టిపేరు ఎ.డి.హెచ్.డి. ప్రపంచంలో నూటికి సుమారు ఐదుగురు పిల్లలకు ఇది ఉన్నదని అంచనా. అల్లరి చేయక, కిటికీ వైపు చూస్తూ పరధ్యానంలో మునిగిపోయే బాలికకు కూడ ఇది ఉండవచ్చు. అట్టివారు తరచుగా ఎవరి కంటా పడరు.

దీని మూలాన్ని గ్రహించడానికి మెదడు పనితీరు కొంత తెలియాలి. మెదడులోని నాడీకణాలు ఒకదానినొకటి తాకవు. వాటి నడుమ అతిసూక్ష్మమైన ఖాళీ ఉన్నది. ఒక కణం విడిచిన రసాయనం ఆ ఖాళీని దాటి రెండవ కణానికి వార్త చేరవేస్తుంది. పని ముగియగానే చాలాభాగం మొదటి కణంలోనికి తిరిగి పీల్చబడుతుంది. ఇట్టి రసాయన దూతలలో డోపమిన్, నార్ ఎపినెఫ్రిన్ అనే రెండింటికి ఏకాగ్రతతో దగ్గరి సంబంధం ఉన్నది.

డోపమిన్ కథలో మన దేశపు మొక్కలు రెండు ఉన్నాయి. మొదటిది సర్పగంధ. దాని వేరునుండి తీసిన రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్లు కదలక మెదలక పడిపోగా, ఎల్-డోపా అనే పదార్థం ఇచ్చి స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో వాటిని మరల లేపాడు. మెదడులో ఎల్-డోపా డోపమిన్‌గా మారుతుంది. ఈ కృషికి ఆయన 2000లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. రెండవది పొదలమీద ప్రాకే దూలగొండి. తగిలితే ఒళ్లంతా దురద పుట్టించే ఆ కాయల గింజలనుండి 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు ఎల్-డోపాను వేరుచేశారు.

అదే 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు 30 మంది పిల్లలకు ఉత్తేజకమైన బెంజిడ్రిన్ ఇచ్చాడు. వారిలో 14 మంది చదువులో ఎంతో ముందంజ వేశారు, పలువురు శాంతించారు. ఉత్తేజపరచే మందు చంచలుణ్ణి నిలకడపరచడం ఏమిటి? ఇక్కడ సంతను తలచుకుందాం. ఎన్ని కేకలు వినబడుతున్నా మనకు కావలసిన మాటను మాత్రమే చెవి పట్టుకుంటుంది. నుదుటి వెనుకనున్న మెదడు భాగం ఇట్లే వార్తలను ఏరుతుంది, తొందరను ఆపుతుంది. ఆ పనికి ఈ రెండు రసాయనాలు తగిన పాళ్లలో ఉండాలి. నేడు వాడే మిథైల్‌ఫెనిడేట్ వాటిని తిరిగి పీల్చబడకుండ అడ్డుకొని, కణాల నడుమ మరికొంతసేపు నిలుపుతుంది. అనగా మందు ఉత్తేజపరచేది అదుపుచేసే భాగాన్నే.

అయితే "డోపమిన్ తక్కువ, అందుచేత రోగం" అని ఒక్క మాటలో తేల్చడం తగదు. దీనిని నిర్ధారించే రక్తపరీక్ష నేటికీ లేదు. కవలలపై జరిగిన పరిశోధనలు వంశపారంపర్య ప్రభావం నూటికి డెబ్బైకి పైగా ఉన్నదని చెబుతున్నవి. నెలలు నిండక పుట్టడం, సీసపు విషం వంటివి కూడ కారణాలలో చేరుతాయి. తల్లి పెంపకాన్ని నిందించడానికి మాత్రం ఆధారం లేదు.

మన ఆదిలాబాదులో మరొక జాగ్రత్త అవసరం. ఇంట్లో గోండి, కొలామి, ఉర్దూ లేదా మరాఠీ మాట్లాడే బిడ్డ బడిలో వేరొక భాషలో పాఠం వింటున్నప్పుడు ధ్యాస నిలువకపోవడం సహజం. చూపు, వినికిడి, నిద్ర, రక్తహీనత – ఇవన్నీ చూచిన తరువాతనే ఈ రుగ్మత మాట ఎత్తాలి. నిర్ణయం మానసిక వైద్యునిది, పిల్లల వైద్యునిది. ఆరేళ్ల లోపు పిల్లలకు ముందుగా కావలసినది మందు కాదు, తల్లిదండ్రులకు శిక్షణ. దూలగొండి గింజలు తినిపించడం ప్రమాదకరం. వైద్యుని చీటీ లేక మాత్రలు ఇవ్వడమూ అంతే.

ఉపాధ్యాయుడు చేయగలిగినది కూడ కలదు. అట్టి బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టడం, పెద్ద పనిని చిన్న ముక్కలుగా ఇవ్వడం, మంచి పనిని వెంటనే మెచ్చుకోవడం, నడుమ కొంత కదలనివ్వడం – వీటికి ఖర్చు లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండనను నిషేధించింది. చట్టం లేకున్నా, బెత్తం దెబ్బ నాడీకణాల నడుమ రసాయనాల పాళ్లను సరిదిద్దదు. బిడ్డకు బడి అంటే భయం మాత్రం పుట్టిస్తుంది. రేపు మా తరగతిలో ఒక ఆకతాయి ఎదురైనప్పుడు, వానిని శిక్షించుటకు ముందు అర్థం చేసుకొనగలిగితే మా చదువు సార్థకమైనదని మేము తలుస్తాము.