సంకర ఆవుకు విడవని జ్వరం... పిడుదుల పనేనా?

ప్రశ్న: మాది గుడివాడ దగ్గర పల్లె. ఈనిన నెలకే మా జెర్సీ సంకర ఆవుకు జ్వరం పట్టుకుంది. భుజం ముందు గడ్డ వాచింది, పాలు సగానికి పడిపోయాయి. ఒంటినిండా పిడుదులు. ఇంట్లో కుక్కకూ ఉన్నాయి. దానికీ ప్రమాదమా?

- ఒక పాడి రైతు

జవాబు: ఈ లక్షణాలను బట్టి ముందుగా అనుమానించాల్సింది థైలీరియాసిస్‌ను. హయలోమా రకం పిడుదులు రక్తం పీలుస్తూ థైలీరియా అనే ఏకకణ జీవిని పశువు ఒంట్లోకి ఎక్కిస్తాయి. అది మొదట తెల్ల రక్తకణాల్లో పెరిగి, తర్వాత ఎర్ర కణాల్లో చేరుతుంది. నాటు పశువులు చాలావరకు తట్టుకుంటాయి. జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరాలకే ముప్పెక్కువ.

ఆవు కింది కనురెప్పను కాస్త లాగి చూడండి. లోపలి పొర గులాబీ రంగు పోయి తెల్లగా పాలిపోతే రక్తం తగ్గిపోతోందని అర్థం.

చెవి నుంచి తీసిన రక్తపు చుక్కను గాజు పలకపై పరీక్షిస్తే రోగం తేలుతుంది. తొలిదశలో బుపార్వాక్వోన్ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. మూత్రం కాఫీ రంగులో వస్తే అది బెబీసియా కావచ్చు. పశువు గుండ్రంగా తిరుగుతుంటే జోరీగల వల్ల వచ్చే సర్రా కావచ్చు. వాటి మందులు వేరు. అందుకే ఊహించి సూది వేయించకూడదు.

ఆవు థైలీరియా కుక్కకు సోకదు. కుక్కలకు వేరే బెబీసియా ఉంది. 1910లో మద్రాసు వేటకుక్కల్లోనే దాన్ని తొలిసారి వర్ణించారు.

పిడుదులు పాక గోడల పగుళ్లలో దాక్కుంటాయి. పశువులకూ పాకకూ ఒకేసారి మందు కొట్టి, పగుళ్లు పూడ్చాలి. దూడలకు రక్షావాక్-టి టీకా గురించి డాక్టరును అడగండి. ముందు మాత్రం ఈరోజే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా ఆవును గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో చూపించండి.