నిమ్మకాయలు నలిగాక

చిక్కడపల్లి

అల్లుడూ,

కొత్త బండికి మన వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర పూజ చేయించావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి పని చేశావు. గ్రూప్స్ కోచింగ్‌కని అశోక్‌నగర్ వచ్చి, సెంట్రల్ లైబ్రరీ మూసేదాకా చదివి రాత్రిపూట బండి తీసేవాడికి ఆ మాత్రం ధైర్యం కావాలి. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, కొబ్బరికాయ కొట్టారు, దిష్టి తాడు కట్టారు. నా పేచీ అంతా ఆ తాడు కట్టిన చోటుతోనే.

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పడినప్పుడు చుట్టూ చూడు. ముందు ఫోర్కుకు నల్ల తాడు, దాని కొసలు బ్రేకు డిస్కు పక్కనే వేలాడుతుంటాయి. అవి వదులై చక్రానికి చుట్టుకుంటే దిష్టి సంగతి దేవుడెరుగు, బండి అక్కడికక్కడే బిగుసుకుంటుంది. ఇంకొకడి హెడ్‌లైటుకు అడ్డంగా ఎండిన మిరపకాయల దండ. మరొకడి హ్యాండిల్‌కు ఐదు రంగుల టిబెట్ జెండాలు. బౌద్ధులు వాటిని కొండ కనుమల్లో గాలికి కడతారు. మనవాళ్లు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ పొగలో క్లచ్ కేబులుకు చుడుతున్నారు! నువ్వు మాత్రం తాడును వెనక సీటు పక్క కడ్డీకి కట్టి, కొసలు కత్తిరించెయ్. స్వామికి ఏ కడ్డీ అయినా ఒకటే.

నమ్మకాలు మనకే ఉన్నాయనుకోకు. తొమ్మిది ప్రపంచ టైటిళ్లు గెలిచిన ఇటలీ రేసర్ వాలెంటినో రోసీ బండెక్కే ముందు దాని పక్కన గొంతుక్కూర్చుని ఫుట్‌పెగ్ పట్టుకునేవాడు. ఛాంపియన్‌కు 1వ నంబరు వాడుకునే హక్కున్నా, వాళ్ల నాన్న నంబరు 46ను వదల్లేదు. కానీ అతను కూర్చునేలోపే మెకానిక్కులు బండిని బోల్టు బోల్టూ చూసి ఉంచేవారు. నువ్వూ పొద్దున్నే బండికి దండం పెట్టేటప్పుడు ఆ చేత్తోనే టైరు తడుము, చైను కదిపి చూడు, రెండు బ్రేకులూ నొక్కు. టూవీలర్ టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టమే ఒప్పుకోదు.

పిల్లి ఎదురైతే సడన్‌ బ్రేకు వెయ్యకు, వెనకొచ్చే ఆటోవాడికి నీ శకునం తెలియదు. అద్దం చూసుకుని నెమ్మదించు. కూడితే 9 వచ్చే బండి నంబరు కోసం వేలంపాట పాడే స్థోమత మనకెలాగూ లేదు, ఆ బాధ తప్పింది.

అన్నిటికన్నా చెడ్డ మూఢనమ్మకం ఒకటుంది: ‘ఇక్కడికే కదా’. హాస్టల్ నుంచి టిఫిన్ సెంటర్ దాకానే కదా అని హెల్మెట్ మోచేతికి తగిలిస్తారు. కెమెరా కనబడగానే నెత్తిన పెడతారు, పట్టీ మాత్రం బిగించరు. చలాన్ తప్పించే తాయెత్తనుకుంటున్నారు దాన్ని! పట్టీతో తలకు గట్టిగా బిగిస్తేనే అది హెల్మెట్ అని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతోంది. వెనక కూర్చున్న నీ రూమ్మేట్‌కూ అదే వర్తిస్తుంది.

ఆదివారం బండి తీసుకుని ఇంటికి రా. ఆ తాడు నేనే విప్పి కడతాను. రెండో హెల్మెట్ కూడా కొనిపెట్టాను, అది మీ రూమ్మేట్‌కివ్వు.

మీ మామయ్య