క్షయ రోగి ఎక్కడ ఉండాలి?

ఒక ఇంట్లో ఒకరికి క్షయ అని తేలిందనుకుందాం. ఆ మనిషిని ఇంట్లోనే ఉంచవచ్చునా? ఊరికి దూరంగా పంపాలా? దీనికి జవాబు భయంతో కాక ప్రయోగంతో చెప్పాలి. అటువంటి ప్రయోగం ఒకటి 1956లో మద్రాసులో మొదలైంది.

ముందుగా వ్యాధి సంగతి తెలుసుకుందాం. క్షయకు కారణం కడ్డీ ఆకారంలో ఉండే ఒక బాక్టీరియా. దీనిని కనుగొన్నట్లు జర్మనీ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. ఊపిరితిత్తుల క్షయ ఉన్న రోగి దగ్గినప్పుడు బాక్టీరియా గల సన్నని తుంపరలు గాలిలో కలుస్తాయి. గాలి ఆడని గదిలో అవి చాలాసేపు తేలుతుంటాయి. వాటిని పీల్చినవారికి బాక్టీరియా సోకవచ్చు. సోకినవారందరూ జబ్బు పడరు. నూటికి 5 నుంచి 10 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు వస్తుంది. రోగి తిన్న కంచం వల్ల గాని, కట్టిన బట్ట వల్ల గాని, చేయి కలపడం వల్ల గాని క్షయ అంటదు.

మందులు లేని కాలంలో రోగులను శానిటోరియంలకు పంపేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో ఒకటి ప్రారంభమైంది. మంచి గాలి, విశ్రాంతి, బలమైన ఆహారమే అక్కడి చికిత్స. తరువాత మందులు వచ్చాయి. కాని దేశంలో రోగులు లక్షల్లో ఉంటే పడకలు వేలల్లో ఉన్నాయి.

అందుకే మద్రాసు పరిశోధకులు 193 మంది పేద రోగులను, చీటీలు వేసినట్లుగా, రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానిటోరియంలో ఉంది. రెండవ జట్టు తమ ఇరుకు ఇళ్లలోనే మామూలు తిండి తింటూ ఉంది. ఇద్దరికీ ఒక సంవత్సరంపాటు ఇచ్చినవి ఒకే మందులు. అయిదేళ్ల తరువాత చూస్తే రెండు జట్లలోనూ నూటికి దాదాపు 90 మందిలో వ్యాధి అణిగిపోయింది. ఇంకొక విశేషం: ఇంట్లో ఉన్న రోగుల కుటుంబాలకు, శానిటోరియంకు వెళ్లినవారి కుటుంబాలకంటే ఎక్కువగా క్షయ రాలేదు.

ఎందుకని? సరైన మందు మొదలుపెట్టగానే రోగి నుంచి ఇతరులకు సోకే శక్తి త్వరగా తగ్గిపోతుంది. ఇంట్లో వారికి సోకేది ఎక్కువగా అంతకు ముందే, అంటే జబ్బు ఏమిటో తెలియక దగ్గుతూ తిరిగిన రోజుల్లోనే. కనుక రోగిని వెలివేయడం కాదు, త్వరగా గుర్తించడమే నివారణ.

గుర్తించడం ఎలా? రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కళ్ళెలో రక్తం కనిపిస్తే పరీక్ష చేయించాలి. కళ్ళెను గాజుపలక మీద పూసి ఎర్రని రంగు వేసి వేడి చేస్తారు. తరువాత ఆమ్లంతో కడుగుతారు. ఇతర బాక్టీరియాల రంగు పోతుంది. క్షయ బాక్టీరియాకు మైనం వంటి పొర ఉండటంవల్ల దాని రంగు పోదు. సూక్ష్మదర్శినిలో ఎర్రని కడ్డీలు కనిపిస్తాయి. ఇప్పుడు బాక్టీరియా జన్యు పదార్థాన్నే పట్టే ట్రూనాట్ వంటి పరీక్షలు కూడా ఉన్నాయి. ఏ మందుకు అది లొంగదో కూడా ఇవి చెప్పగలవు.

రోగి దొరికితే పని సగమే అయినట్లు. ఇంట్లో అందరినీ పరీక్షించాలి. జబ్బు లేనివారికి అవసరాన్నిబట్టి ముందుజాగ్రత్త మందు ఇస్తారు. పుట్టిన బిడ్డకు వేసే బి.సి.జి. టీకా మెదడు పొరలకు వచ్చే క్షయ వంటి ప్రమాదాల నుంచి కాపాడుతుంది. సాధారణ క్షయకు మందులు 6 నెలలు వాడాలి. ఒకటి రెండు నెలలకే దగ్గు తగ్గిందని మానేస్తే, మిగిలిన బాక్టీరియా మందుకు లొంగనిదై తిరగబడవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్ష, మందులు ఉచితం.

పిల్లలూ! మీ వీధిలో ఎవరైనా చాలాకాలంగా దగ్గుతుంటే ఈ సంగతులు పెద్దలకు చెప్పండి. జబ్బును దాచేవారు ఎక్కువగా భయపడేది ఇరుగుపొరుగు మాటలకే.

ఆలోచించండి:
1. మద్రాసు ప్రయోగంలో రెండు జట్లకూ ఒకే మందులు ఎందుకు ఇచ్చారు?
2. రోగి ఉన్న గది కిటికీలు తెరిచి ఉంచితే లాభమేమిటి?