ఎండ ముదిరితే కంప్యూటర్ హోరు

ప్రశ్న: పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. మధ్యాహ్నమయ్యేసరికి కంప్యూటర్ ఫ్యాన్లు హోరెత్తుతాయి, పని నత్తనడక నడుస్తుంది. లిక్విడ్ కూలింగ్ పెట్టిస్తే బాగుపడుతుందా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: బాగుపడొచ్చు. కానీ డబ్బు పెట్టేముందు ప్లగ్ తీసేసి, క్యాబినెట్ పక్క మూత విప్పి చూడండి. ప్రాసెసర్ మీది రేకుల మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉంటుంది. ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో దులపండి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు కట్టి ఉంటే మార్పించండి. చాలామందికి ఇంతటితోనే తీరిపోతుంది.

ప్రాసెసర్ వేడి 100 డిగ్రీలకు దగ్గరైతే, అది తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీ నత్తనడకకు కారణం అదే కావచ్చు. లిక్విడ్ కూలింగ్‌లో పంపు తిప్పే నీళ్లు ఆ వేడిని రేడియేటర్‌కు మోస్తాయి. రేడియేటర్ పెద్దది కాబట్టి ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగినా చాలు, హోరు తగ్గుతుంది. అయితే లిక్విడ్ కూలింగ్ కూడా ప్రాసెసర్‌ను గదిలో గాలికంటే చల్లబరచలేదు. రెంటచింతల ఎండలు మీకు తెలియనివి కావు. గది 40 డిగ్రీలుంటే ఏ కూలరైనా అక్కడినుంచే మొదలుపెట్టాలి. ముందు గది సంగతి చూడండి, క్యాబినెట్‌ను గోడకు ఆనించకండి.

కొనాలనుకుంటే సీలు వేసి వచ్చే రకమే తీసుకోండి. 240 మిల్లీమీటర్ల రేడియేటర్‌కు చోటుందో లేదో కొలవండి. రేడియేటర్ పైభాగం పంపు కంటే ఎత్తులో ఉండాలి.

పంపు గరగరలాడినా, లోపల తడి కనిపించినా, కంప్యూటర్ దానంతటదే ఆగిపోతున్నా ప్లగ్ తీసేసి మెకానిక్‌కు చూపించండి.